కండక్టరు రైటు, ఎద్దు రైటు

నేను చెప్పేవాటిల్లో సగం అబద్ధాలని మా వీధిలో అందరికీ తెలుసు. ఏ సగమో తెలియక మొత్తం వింటారు. ఇది నిజం సగంలోది. అనుమానముంటే మా ఆయన్ని అడగొచ్చు. ఆయనకి అబద్ధమాడటం చేతకాదు. ఇంట్లో ఆ లోటు నేను తీరుస్తుంటాను.

పటమట దాటాక మాకో డ్రైవింగ్ స్కూలుంది. స్కూలంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక రేకుల షెడ్డు, ఒక బల్ల, గోడకి ట్రాఫిక్ గుర్తుల అట్ట, రెండు పాత కార్లు, ఒక స్కూటీ, ఒక కరెంటు ఆటో. కార్లు ఆయన నేర్పుతాడు. స్కూటీ, ఆటో నావి. ఆడవాళ్ళు ఎవరొచ్చినా నా దగ్గరికే తోలతాడు. "ఆడాళ్ళకి ఆడాళ్ళు చెబితేనే ఎక్కుద్ది" అని నలుగురిలో అంటాడు గానీ అసలు సంగతి వేరు. నేర్చుకునేవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరిగితే ఆయనకి గేరు పడదు.

ఆయన పాఠం అందరికీ ఒకటే. మొదట క్లచ్చి, తర్వాత గేరు, ఆ తర్వాత అద్దం. డాక్టరుగారొచ్చినా, దోసెల బండాయనొచ్చినా అదే వరస, అవే మాటలు, అదే మలుపు దగ్గర అదే జోకు. ఆ జోక్కి నవ్వనివాళ్ళని ఒకసారి వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ చెబుతాడు. "సిలబసంటే సిలబసే" అంటాడు.

నాకు సిలబస్సు లేదు. ఎదుటి మనిషిని చూసి ఏదో ఒకటి అల్లుతాను. కూరగాయల కొట్టావిడ ఒకామె స్కూటీ నేర్చుకోవడానికొచ్చి, బ్రేకు పట్టుకుంటే చాలు ముందుకొచ్చి హ్యాండిలుకి గుద్దుకునేది. "మెల్లగా నొక్కండి" అంటే మెల్లగా అంటే ఎంతో ఆవిడకి తెలియదు. చివరికి, "టమాటా పండిందో లేదో చూడ్డానికి ఎంత నొక్కుతారు? అంతే నొక్కండి" అన్నాను. ఆ సాయంత్రం నుంచి ఆవిడ బండి వెన్న మీద ఆగినట్టు ఆగింది. నేనేదో కనిపెట్టాననుకుని తర్వాత వచ్చిన కాలేజీ అమ్మాయికీ అదే చెప్పాను. ఆ పిల్ల నా వంక జాలిగా చూసి, "ఆంటీ, మేం టమాటాలు యాప్‌లో తెప్పించుకుంటాం" అంది.

అలాంటి రోజుల్లో వచ్చిందావిడ. పచ్చ రంగు కోటు, పైన బిగించి కట్టుకున్న కొంగు, చేతిలో ప్లాస్టిక్ సంచి. షెడ్డు లోపలికి రాకుండా గుమ్మం అవతలే చెప్పులు విడిచి నిలబడింది.

"మేడంగారండీ, కరెంటాటో నేర్పుతారంట కదండీ."

"నేర్పుతాం. లోపలికి రామ్మా. చెప్పులేసుకునే రా, ఇదేం గుడి కాదు."

"గుడైతే అసలు రానండీ, మాది చర్చి" అని నవ్వి లోపలికొచ్చింది. చెప్పులు మాత్రం బయటే ఉన్నాయి.

కార్పొరేషన్‌లో ఊడ్చే పని. పొద్దున్నే వీధులు ఊడ్చి, ఆ చెత్త మూడు చక్రాల రిక్షాలో వేసుకుని నెట్టుకుంటూ పోవాలి. ఇప్పుడు వాళ్ళ వార్డుకి చెత్త ఎత్తే కరెంటాటోలు వస్తున్నాయట. లైసెన్సు ఉన్నవాళ్ళకే ఇస్తానని మేస్త్రీ చెప్పాడట. మేస్త్రీ అంటే వాళ్ళ హాజరు చూసే పెద్ద.

"ఆటోలొచ్చే లోపల చేతిలో కార్డు లేకపోతే పక్కదానికి ఇచ్చేస్తాడండీ. ఇంక నేను ఆ రిక్షా నెట్టుకోవాల్సిందే. నెట్టడానికి ఈ భుజం ఉండొద్దాండీ?"

భుజం సంగతి తర్వాత నేనే చూశాను. తల దువ్వుకోవాలంటే ఆవిడ చెయ్యి పైకి రాదు. దువ్వెన పట్టుకున్న చేతిని అలాగే ఉంచి తలనే దాని దగ్గరికి దించుతుంది. ఇంకో ఏడాది ఆ రిక్షా నెడితే ఆ తల ఎంత దించినా సరిపోదని నాకు అనిపించింది.

కంప్యూటరు ముందు కూర్చుని రాసే ఎల్లెల్లార్ పరీక్ష ఒక్క దెబ్బకి పాసైంది. రోజూ బైబిలు చదివే మనిషి, అక్షరాలకి బెదరదు. చిక్కంతా బండెక్కాక మొదలైంది.

కానూరు అవతల అమ్ముడుపోని ప్లాట్ల వెంచరొకటి ఉంది. కంకర రోడ్లు, సిమెంటు రాళ్ళు, మనిషెత్తు జమ్ము. నేర్చుకునేవాళ్ళకి స్వర్గం. గుద్దుకోవడానికి ఏమీ ఉండదు. ఆవిడ డ్రైవరు సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని "ప్రభువా, నీదే భారం" అంది. నేను పక్కన, మన ఆటోల్లో నాలుగో ప్యాసింజరు వేలాడే చోట, ఒక కాలు లోపల ఒక కాలు గాల్లో పెట్టి కూర్చున్నాను. బండి కదిలింది. చెయ్యి బాగానే ఉంది. వణుకు లేదు. మలుపు దగ్గర "లెఫ్ట్" అన్నాను, చక్కగా తిరిగింది. తర్వాతి మలుపులో "రైట్" అన్నాను.

బండి నేరుగా పోయింది.

"రైట్!" అని అరిచాను. ఇంకా స్పీడందుకుంది. "రైట్, రైట్!" అన్నాను ప్రాణభయంతో. రోడ్డు అయిపోయింది, మేం అయిపోలేదు. జమ్ములోకి దూరి, వానకి నిండిన గుంటలో ముందు చక్రం దిగబడి ఆగాం. ఒక కొంగ లేచి, మమ్మల్ని చూసి, పక్క ప్లాటులోకి మారింది.

"ఏంటమ్మా ఇది? నేనేమన్నాను?"

"మీరన్నట్టే చేశానండీ" అంది ఆవిడ, చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ. ఆ మొహంలో తప్పు చేసిన ఛాయ ఏ కోశానా లేదు. నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు నేను చేసింది అందరు పంతుళ్ళూ చేసేదే. మనిషికి రాలేదనుకుని పాఠాన్ని కిందికి దించాను. బండి పక్కన పెట్టించి, నేల మీద సుద్దతో గీతలు గీసి, వాటి మీద నడిపించాను. కుడి వైపు హ్యాండిలుకి ఎర్ర రిబ్బను కట్టి, "రైట్ అంటే రిబ్బను పక్క" అని చెప్పాను. బడికి కొత్తగా వచ్చిన పిల్లకి చెప్పినట్టు. ఆవిడ తలూపేది. బండెక్కాక "రైట్" అంటే ముందొకసారి గభాలున నేరుగా ఉరికి, తర్వాత రిబ్బను చూసుకుని కంగారుగా తిప్పేది. ఇంకా కిందికి దించాను. మనిషి నడిచే వేగంలో, ఒకే చతురస్రం చుట్టూ, గానుగ తిరిగినట్టు తిప్పాను. ఆవిడ రోజురోజుకీ పాడైంది. మొదట్లో బాగా తిప్పిన లెఫ్ట్ కూడా తడబడటం మొదలైంది. రిబ్బను కట్టిన దగ్గర్నుంచి బండెక్కేముందు ప్రార్థన కూడా మానేసింది. అంటే భారం పూర్తిగా నా మీదికి వచ్చిపడిందన్నమాట.

మా ఆయన ఒకరోజు వెంచరుకి వచ్చి, చేతులు కట్టుకుని కాసేపు చూసి, నన్ను పక్కకి పిలిచాడు.

"ఈవిడకి రాదే. ఊరికే ఆశ పెట్టమాక."

"నీ సిలబస్సు ప్రకారం చెబితే వస్తుందా?"

"నా సిలబస్సుకే కాదు, నీ అబద్ధాలకి కూడా రాదు" అని వెళ్ళిపోయాడు.

అన్నది మెల్లగానే. కానీ ఖాళీ వెంచర్లో మాట ఎంత దూరమైనా పోతుంది. ఆవిడ రిబ్బను సర్దుకుంటున్నట్టు అటు తిరిగి కూర్చుంది.

ఆ రోజే బండి చార్జింగ్ అయిపోయింది. వెంచరు వాచ్‌మన్‌కి అప్పజెప్పి, ఇద్దరం బందరు రోడ్డు మీదికి నడిచొచ్చి, ఉయ్యూరు నుంచి వచ్చే బస్సెక్కాం. ఆడవాళ్ళ సీట్లో పక్కపక్కన కూర్చున్నాం. కండక్టరు వెనక ఫుట్‌బోర్డు దగ్గర నిలబడి, ఎక్కేవాళ్ళు ఎక్కాక, తలుపు మీద రెండు దెబ్బలు వేసి, "రైట్... రైట్!" అన్నాడు.

పక్కన ఏదో కదిలినట్టయి చూశాను. ఒళ్ళో పెట్టుకున్న ఆవిడ కుడిచెయ్యి ఆక్సిలరేటరు తిప్పినట్టు కొంచెంగా మెలి తిరిగింది. బస్సు కదిలింది. తర్వాతి స్టేజీలో "హోల్డాన్!" అన్నాడు. ఆ చెయ్యి బిగుసుకుంది. మళ్ళీ "రైట్ రైట్". మళ్ళీ చెయ్యి తిరిగింది.

ఆవిడ నా వంక చూసి, మొదటిసారి కొంచెం ఎగతాళిగా అంది.

"చూశారాండీ? ఆయన రైటంటే ఈ డ్రైవరు కూడా నేరుగానే పోయాడు. ఈయన్నెవరూ తిట్టలేదు. రిబ్బనూ కట్టలేదు."

ఈ ఊళ్ళో పుట్టిన దగ్గర్నుంచి బస్సులెక్కుతున్నాను, ఆ మాట లక్షసార్లు విని ఉంటాను. లక్ష అనేది నా లెక్క, నమ్మక్కర్లేదు. రైట్ అంటే బండి పోనీ అని బందరు రోడ్డు మీద నిద్రపోయే కుక్కకి కూడా తెలుసు. జమ్ముగుంట వైపు పోతున్న మనిషి పక్కన కూర్చుని నేను "రైట్ రైట్" అని అరిచానంటే, పోనీ పోనీ అని తరిమానన్నమాట.

"మరి రైటంటే కుడి అని తెలియదా నీకు?"

"ఎందుకు తెలీదండీ, నాకు తెలుసు. చేతికి తెలీదు."

ఇంతలో చెరుకు లోడు ట్రాక్టరొకటి ఎదురొచ్చింది. ఆ పచ్చి తీపి వాసన బస్సంతా నిండింది. ఆవిడ కిటికీలోంచి మెడ తిప్పి అది కనుమరుగయ్యేదాకా చూసింది.

"కట్టు వదులుగా ఉందండీ. పెనమలూరు దాటేలోపు నాలుగు గడలు రాలిపోతాయి. మా నాన్న అయితే ఊరుకునేవోడు కాదు."

"మీ నాన్న ట్రాక్టరు తోలేవాడా?"

"ట్రాక్టరెక్కడిదండీ! రైతుల చెరుకు ఉయ్యూరు ఫ్యాక్టరీకి ఎడ్లబండి మీద తోలేవోడు. ఆయన లోడు మీద పడుకునేవోడు, నేను తోలేదాన్ని. ఇంత పిల్లని. ఫ్యాక్టరీ గేటు ముందు బళ్ళ వరస చూడాలండీ, బండికీ బండికీ మధ్య చెయ్యి పట్టదు. మన ఇరుసు పక్కోడి చక్రానికి తగిలిందా, ఇంక వాళ్ళ నోళ్ళు వినలేం. నేను ఒక్కసారి కూడా తగిలించలా."

"ఎడ్లు నీ మాట వినేవా?"

"ఎలపటది వినేది. దాపటది కొంచెం మొండిది. దాన్ని పేరు పెట్టి తిడితే గానీ తిరిగేది కాదు."

ఎలపట అంటే కాడికి కుడి పక్క కట్టిన ఎద్దు. దాపట అంటే ఎడమ పక్కది. మా తాతగారింట్లో విన్న మాటలే. విని ఎన్నేళ్ళయిందో.

గేటు ముందు లోడు బళ్ళ మధ్యలోంచి బండి తోలిన మనిషిని ఖాళీ వెంచర్లో సుద్దగీత మీద నడిపించాను. అంతకంటే ఆ రోజు బస్సులో నేనేమీ ఆలోచించలేదు. పటమట స్టేజీ వచ్చింది, దిగాం.

మర్నాడు రిబ్బను తీసేశాను. "కుడి" అన్నాను. ఆ మలుపులో ఆటో నూనె రాసినట్టు తిరిగింది. మళ్ళీ "కుడి". మళ్ళీ తిరిగింది. సమస్య తీరిపోయిందని సంబరపడేలోపు గుర్తొచ్చింది, లైసెన్సు పరీక్ష పెట్టేది నేను కాదు. బ్రేకిన్‌స్పెక్టరు "రైట్" అంటాడు, "లెఫ్ట్" అంటాడు. ఆయనకి నేను తెలుగు నేర్పలేను కదా. అందుకే కాసేపాగి "రైట్" అన్నాను. ఆటో సుబ్బరంగా నేరుగా పోయింది.

బండి ఆపించి, దిగి, ముందుకెళ్ళి నిలబడ్డాను. నాకు అబద్ధం పుట్టేటప్పుడు ముందు చెవులు వేడెక్కుతాయి.

"నీకొక సంగతి చెప్పలేదు. ఈ ఆటోకి రెండు ఎడ్లున్నాయి."

ఆవిడ ఆటో ముందు చక్రం వంక చూసి, నా వంక చూసింది.

"పొద్దున్నే ఏం తిన్నారండీ?"

"విను. మా తాతగారి తాత దగ్గర ఒక జత ఎడ్లుండేవి. కాలవలు తవ్వించడానికొచ్చిన ఒక దొర, తిరిగి తన దేశం పోతూ వాటిని ఈయనకి వదిలేసి వెళ్ళాడు. దొర పెంచినవి కదా, తెలుగు రాదు. దాపటదాని పేరు లెఫ్టు. ఎలపటదాని పేరు రైటు. 'రైటూ' అని పిలిస్తే చాలు, ఎలపటది బండిని తన పక్కకి లాక్కుపోయేది. తౌడు పెడితే రెండూ థాంక్యూ అనేవి."

"ఎద్దు థాంక్యూ అందా?"

"దొర ఎద్దు."

ఆవిడ కోటు కొసతో మూతి మూసుకుని నవ్వింది. నవ్వి, హ్యాండిలు పట్టుకుని, కాసేపు ఖాళీ గాలిలోకి చూసింది. రెండు మూపురాలు కనపడుతున్నట్టే చూసింది.

"రైటు మంచిదేనాండీ, మొండిదా?"

"మంచిదే. పేరు పెట్టి పిలవాలంతే."

"రైటూ!" అని అదిలించి, నాలుకతో టక్కున చప్పుడు చేసింది. ఆటో కుడి పక్కకి తిరిగింది. ఆ తర్వాత నేను "రైట్" అన్నప్పుడల్లా ఆవిడ ముందు పెదాలతో "రైటూ" అనేది, అప్పుడు చెయ్యి తిప్పేది. ఆ ఒక్క క్షణం ఆలస్యంలో కండక్టరు బస్సు దిగిపోయేవాడు.

ఇంక వెంచరుతో పని లేదనిపించి, ఎల్ బోర్డు తగిలించి పటమట రైతుబజారు సందులోకి తీసుకెళ్ళాను. మా దగ్గర నేర్చుకునేవాళ్ళలో ఆ సందుని చూసి బండి అక్కడే వదిలేసి నడిచొచ్చినవాళ్ళున్నారు. రెండు పక్కలా తోపుడుబళ్ళు, మధ్యలో స్కూటర్లు, వాటి మధ్యలో కొత్తిమీర బేరమాడే మనుషులు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి సందు చివర ఉన్నాం. కొత్తిమీర కట్ట ఒకటి నా ఒళ్ళో పడి ఉంది, అంతే. ఎవరి బండికీ ఏమీ తగల్లేదు.

"ఫ్యాక్టరీ గేటు కంటే నయమండీ" అంది ఆవిడ.

అన్నీ వచ్చేశాయనుకునేరు. వెనక్కి పోవడం మాత్రం బొత్తిగా రాలేదు. రివర్సు స్విచ్చి వెయ్యమంటే చెయ్యి ముడుచుకునేది. "ఎద్దు వెనక్కి నడవడం ఎక్కడన్నా చూశారాండీ?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ మళ్ళీ సుద్దముక్క బయటికి తీశాను. నేల మీద గీతలు, రెండు ఇటుకలు, మనిషి నడిచే వేగం. ఇందులో ఆవిడ నిజంగానే ఒకటో క్లాసు పిల్ల. రోజూ కొంత సేపు రైతుబజారు, కొంత సేపు ఇటుకలు. ఒకే మనిషికి ఒకే పూట పై క్లాసు పాఠం, కింది క్లాసు పాఠం చెప్పడం నాకూ కొత్తే. మధ్యలో కావాలంటే, దొర ఎడ్లలో రైటుకి ముసలితనంలో తిక్కపట్టి గుడివాడ సంత దాకా వెనక్కే నడిచి వెళ్ళిన సంగతి చెప్పేదాన్ని. అమ్మేవాడు దాన్ని తోక వైపు నుంచి బేరం పెట్టాడని కూడా చెప్పాను. ఇంత అబద్ధం చెప్పినందుకైనా వెనక్కి పోవాలని ఆవిడకి అనిపించిందేమో, ఇటుకల మధ్య బండి సరిగ్గా నిలబడటం మొదలైంది.

మా ఆయన మళ్ళీ ఒకసారి వచ్చి చూశాడు. ఈసారి చేతులు కట్టుకోలేదు. "ఆ చప్పుడేంటే నాలుకతో?" అన్నాడు. "సిలబస్సు" అన్నాను.

పరీక్ష ముందు రోజు ఆవిడ షెడ్డుకి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆటోలు వచ్చేశాయట. యార్డులో వరసగా నిలబెట్టారట. సోమవారం తాళాలిస్తారట. "కార్డు లేనోళ్ళు రిక్షాల దగ్గరే ఉండండి" అని మేస్త్రీ అందరి ముందూ చెప్పాడట. అంటే ఇదొక్కటే పరీక్ష. మళ్ళీ రాసుకుందాం, మళ్ళీ వద్దాం అనడానికి లేదు.

మర్నాడు పరీక్ష గ్రౌండులో ఇరవై ముప్పై మంది ఉన్నారు. నేనూ మా ఆయనా, మాలాంటి నేర్పేవాళ్ళంతా షెడ్డు కింద. "బయటనుంచి ఎవరన్నా చెప్పారంటే మీ క్యాండిడేటు ఫెయిలు" అని ముందే అనేశారు బ్రేకిన్‌స్పెక్టరుగారు. టోపీ లేని పోలీసులా ఉంటారు. నవ్వు ఆయన డ్యూటీలో భాగం కాదు. ట్రాకు తేలికే. కొంత దూరం పోయి, లెఫ్ట్ తిరిగి, అక్కడ రెండుగా చీలేచోట కుడికి తిరిగి, గళ్ళలోకి రివర్సు పెట్టాలి. కుడికి తిరక్కుండా నేరుగా పోతే గేటు. గేటు దాటిందా, పరీక్ష అయిపోయినట్టే.

ఆయన మొదటి మనిషితో మాట్లాడినప్పుడే నాకు ప్రమాదం అర్థమైంది.

"రైట్. పేరేంటి? రైట్. ఎక్కు. రైట్."

ఆయనకి అది ఊతపదం. రెండు మాటలకొక రైటు. అన్నీ కండక్టరు రైట్లే. ఆవిడ కంటే ముందు వెళ్ళిన ఒక కుర్రాడు చీలేచోట తడబడి గేటు వైపు పోయాడు. "రైట్, నెక్స్ట్" అన్నారాయన.

ఆవిడ వంతు వచ్చింది. కళ్ళు మూసుకుంది. "ప్రభువా, నీదే భారం." బండి కదిలింది. లెఫ్ట్ బాగా తిరిగింది. చీలేచోటికి వచ్చింది. బ్రేకిన్‌స్పెక్టరుగారు చేతిలో కాగితం వంక చూస్తూ, తలెత్తకుండా, ఒక్క మాట అన్నారు.

"రైట్."

ఆటో ఆగిపోయింది.

వెనకాల బండి వాడు హారన్ కొట్టాడు. నేను మా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తర్వాత చూస్తే గోళ్ళ గుర్తులు పడ్డాయి. బ్రేకిన్‌స్పెక్టరుగారు తలెత్తారు.

"ఏమ్మా, ఆగావే?"

ఆవిడ ఆటోలోంచి తల బయటికి పెట్టింది.

"అయ్యగారండీ, చిన్న మాటండీ. ఇప్పుడు మీరన్నది కండక్టరు రైటా అండీ, ఎద్దు రైటా?"

"ఏంటీ?"

"కండక్టరు రైటైతే పోనిస్తానండీ. ఎద్దు రైటైతే ఇటు తిప్పుతానండీ. ఇందాకటినుంచి మీరన్నవన్నీ కండక్టరువేనండీ. ఇదేదో తేల్చి చెబితే..."

వరసలో నిలబడ్డవాళ్ళు గొల్లుమన్నారు. ఆయన నవ్వలేదు. మెల్లగా షెడ్డు వైపు తిరిగారు.

"ఈమెకి నేర్పిందెవరు?"

బళ్ళో పిల్లలా చెయ్యెత్తాను.

"ఎద్దేంటండీ?"

"దొరగారు వదిలేసి వెళ్ళిందండీ" అన్నాను. అలవాటు మీద వచ్చేసింది. మా ఆయన రెండు చేతులతో మొహం మూసుకున్నాడు.

బ్రేకిన్‌స్పెక్టరుగారు నన్ను చూశారు, ఆవిడని చూశారు, కాగితం చూశారు. ఆ తర్వాత ఏం అర్థమైందో ఆయనకే తెలియాలి.

"ఎద్దు రైటేనమ్మా. తిప్పు."

"రైటూ!" అంది ఆవిడ. టక్కున చప్పుడు వినపడింది. ఆటో కుడికి తిరిగింది. రివర్సు స్విచ్చి వేసి, తల వెనక్కి తిప్పి, పెదాలతో ఏదో అనుకుంటూ, గడి మధ్యలో నిలబెట్టింది. గుడివాడ సంత దాకా నడిచిన ఎద్దు ఆ నాలుగు గజాలు నడవలేదా.

బ్రేకిన్‌స్పెక్టరుగారు దగ్గరికి వెళ్ళారు.

"రోడ్డు మీద కూడా ఇట్లాగే మధ్యలో ఆపి అడుగుతావా?"

"రోడ్డు మీద నాకు రైటనేవాళ్ళెవరుంటారండీ? అందరూ తిట్టేవాళ్ళేగా."

ఆయన కాగితం మీద గీత పెట్టి, "రైట్" అన్నారు. ఆవిడ కదల్లేదు. ఆయన్నే చూస్తూ కూర్చుంది. ఆయనకి అర్థమై, మొదటిసారి మూతి పక్కకి కొంచెం కదిలింది.

"పాసైన రైటమ్మా. దిగు."

ఇప్పుడు మా వీధికి చెత్త బండి ఆవిడే తెస్తుంది. తడి చెత్త, పొడి చెత్త కలిపి ఇచ్చానంటే డ్రైవింగు నేర్పినదాన్నని కూడా చూడదు. "ఏంటక్కా, అన్నం మెతుకులూ అట్టపెట్టెలూ ఒకటేనా మీకు?" అని వీధంతా వినపడేలా అడుగుతుంది. మేడంగారు పోయి అక్కనయ్యాను. ఇప్పుడు తల ఎత్తే దువ్వుకుంటుందట. పూర్తిగా కాదు, సగం.

మొన్న వచ్చినప్పుడు పక్కన ఇంకొకామె కూర్చుని ఉంది, నేను కూర్చున్నట్టే, ఒక కాలు గాల్లో. ఆమెకూ రిక్షా నుంచి ఆటోకి మారాలని ఉందట. ఈవిడ తీరిక దొరికినప్పుడు నేర్పుతోంది. హ్యాండిలు ఎడమ కొసకి పసుపు రంగు, కుడి కొసకి ఎరుపు రంగు పూసి ఉన్నాయి.

"మా దొర ఎడ్లేవి?" అని అడిగాను.

"ఈమె కొండపల్లి మనిషక్కా. చిన్నప్పటినుంచీ బొమ్మలకి రంగులేసింది. ఎద్దంటే ఈమెకి కొయ్యెద్దే. లెఫ్టు పసుపు, రైటు ఎరుపు అన్నా, అంతే, పట్టేసింది. మీ ఎడ్లు మీ దగ్గరే ఉంచండి, చెరుకు బండి తోలినోళ్ళెవరన్నా వస్తే పనికొస్తాయి."

"అవి థాంక్యూ అంటాయని చెప్పావా ఈమెకి?"

"చెప్పానక్కా. మీరు అబద్ధాలు చెబుతారని ఈమెకి కూడా తెలిసిపోయింది."

కొండపల్లి ఆమె నా వంక చూసి మర్యాదగా నవ్వింది. నా చేతిలో బుట్ట ఖాళీ అయింది. ఆవిడ వీధి ముందుకీ వెనక్కీ చూసి, "రైట్... రైట్" అని తనకి తనే అనుకుంది. బండి నేరుగా పోయింది.